వంట పందిరికి వేసిన జారుముడి

దొర్సాఫ్ చప్పుడు చేయకుండా బస్సు వెనక నక్కింది.

కాస్త దూరంలో కార్క్ చెట్టు మొదట్లో కొత్త స్కౌట్ లీడర్ నాజిహా ఒంటరిగా కూర్చుని ఉంది. ఒళ్లో ఫోను, చేతిలో ఒక బూటు లేసు. ఫోనులోకి చూస్తోంది, లేసును మెలిపెడుతోంది, విప్పుతోంది, మళ్లీ ఫోనులోకి చూస్తోంది. ఇంతలో గుడారాల వైపు నుంచి ఎవరో పిలిచారు. ఆవిడ లేసును గబుక్కున జేబులో కుక్కి లేచింది.

"అనుకున్నా!" అని గొణుక్కుంది దొర్సాఫ్.

ఒక్క పరుగులో తన స్నేహితురాలు మొల్కా దగ్గరికి వెళ్లింది. మొల్కా, వాళ్ల నాన్న సీ లమీన్ మధ్యాహ్నం వంటకి ఉల్లిపాయలు తరుగుతున్నారు. క్యాంపులో పిల్లల వెంట ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లుండాలని నియమం. ఆ రెండో పెద్దమనిషి సీ లమీనే. పెద్ద మగవాళ్లను 'సీ' అని, ఆడవాళ్లను 'లల్లా' అని గౌరవంగా పిలవడం వాళ్ల అలవాటు.

"ఇలా రావే," అని మొల్కాను పక్కకి లాగింది దొర్సాఫ్. "లల్లా నాజిహాకి ముడి వేయడం రాదు. ఫోన్లో చూసి నేర్చుకుంటోంది."

"బూటు లేసు ఊడిందేమోలే."

"రెండు బూట్లకీ లేసులున్నాయి. నేను చూశాగా."

"ఆవిడ లీడరే! ముడి రాకుండా ఎలా ఉంటుంది?"

"అదే నేనూ అడిగేది," అంది దొర్సాఫ్ కళ్లు చిన్నవి చేసి.

బేజా ఊళ్లో ఈ పిల్లలెవరూ పుట్టకముందు నుంచీ వాళ్ల స్కౌట్ బృందానికి సీ ముఖ్తారే లీడర్. గుడారం ఆయనే వేసేవాడు, స్టవ్ ఆయనే వెలిగించేవాడు, ముడులన్నీ ఆయనే బిగించేవాడు. పిల్లలు చుట్టూ నిలబడి చూసి చప్పట్లు కొట్టేవాళ్లు. దొర్సాఫ్‌ను మాత్రం పక్కన కూర్చోబెట్టుకుని ముడులు నేర్పాడు. అందుకే పన్నెండేళ్లకే ఆమెను బృందంలో ఒక భాగమైన కొంగల దళానికి నాయకురాలిని చేశాడు. ఈ చలికాలంలో ఆయన నడుము పట్టేసింది. డాక్టరు బరువులెత్తొద్దన్నాడు. ఆయన చోటికి నాజిహా వచ్చింది. బజార్లో కళ్లజోళ్ల షాపు ఆవిడదే.

వచ్చిన రోజు నుంచీ దొర్సాఫ్‌కు ఆవిడ మీద అనుమానమే. ఏది అడిగినా "మీరైతే ఎలా చేస్తారు?" అని ఎదురు అడుగుతుంది. తెలియనివాళ్లు తప్పించుకోవడానికే అలా అంటారని దొర్సాఫ్ నమ్మకం. ఎవరితోనైనా విడిగా మాట్లాడాలంటే నలుగురికీ కనపడే చోట నిలబడుతుంది, గదిలో ఉంటే తలుపు బార్లా తెరిచి పెడుతుంది. ఎవరొస్తారని భయం? బస్సెక్కితే తలలు లెక్కపెడుతుంది, దిగితే లెక్కపెడుతుంది, ఒక్కోసారి మధ్యలోనూ లెక్కపెడుతుంది. మనమేమైనా గొర్రెలమా?

ఐన్ ద్రాహమ్ అడవిలో వేసిన ఈ వసంతం సెలవుల క్యాంపులో అసలు సంగతి బయటపెట్టాలని దొర్సాఫ్ నిశ్చయించుకుంది.

అవకాశం వెంటనే దొరికింది. ఆ రోజు వంట పందిరి వేసే పని కొంగల దళానిది. నాలుగు కర్రలు పాతి, పైన టార్పాలిన్ కప్పి, మూలమూలకీ తాడు కట్టి, ఆ తాళ్లను నేలలో కొట్టిన మేకులకు బిగించాలి. మూడు మేకులకు దొర్సాఫ్ గట్టిముడి వేసింది. నాలుగో మేకు దగ్గర కూర్చుని అటూ ఇటూ చూసి జారుముడి వేసింది. పైకి చూస్తే అదీ గట్టిముడిలాగే ఉంటుంది. మెల్లగా లాగితే నిలుస్తుంది, గట్టిగా కుదిపితే ఊడిపోతుంది.

"ఏం చేస్తున్నావే?" అంది మొల్కా భయపడుతూ.

"ష్! లీడరైతే కనిపెట్టాలిగా. కనిపెట్టలేదనుకో, మధ్యాహ్నం సీ ముఖ్తార్ రాగానే ఆయన ముందే ఈ తాడు కుదిపి చూపిస్తా."

మధ్యాహ్నం భోజనాల తర్వాత సీ ముఖ్తార్, పిల్లల తల్లిదండ్రులు క్యాంపు చూడటానికి రావాల్సి ఉంది.

కాసేపటికి లల్లా నాజిహా వచ్చింది. ఒక్కో తాడూ పట్టి లాగి చూసింది. నాలుగో మేకు దగ్గర వంగింది. ఆవిడ తాడును లాగింది. తాడు నిలిచింది.

"దొర్సాఫ్, ఇది గట్టిగానే ఉందా? ఈ ముడుల సంగతి నాకంటే నీకే బాగా తెలుసు."

ఆ మాట దొర్సాఫ్‌కు ఎత్తిపొడుపులా వినపడింది. తననే పరీక్షిస్తోందేమో! ముఖంలో ఏమీ కనపడనీయకుండా చెప్పింది.

"గట్టిగానే ఉంది లల్లా."

"సరే అయితే." ఆవిడ వెళ్లిపోయింది.

"చూశావా?" అంది దొర్సాఫ్ మొల్కాతో. ఆ మాట అంటున్నప్పుడు గెలిచినట్టే ఉంది. కానీ మొల్కా ఆమె వైపు చూడకుండా ఉల్లిపాయల దగ్గరికి నడిచింది.

భోజనాల వేళకు పందిరి కింద పెద్ద గిన్నెలో చోర్బా సూపు కుతకుతలాడుతోంది. బృందంలో అందరికన్నా చిన్నవాడు, ఎనిమిదేళ్ల ఇలియెస్, పళ్లెం పట్టుకుని ముందే వచ్చి నిలబడ్డాడు. దొర్సాఫ్ మంచినీళ్ల క్యాన్ మోసుకొస్తోంది. అప్పుడు సముద్రం వైపు నుంచి గాలి లేచింది. చెట్లన్నీ ఒక్కసారి హోరెత్తాయి.

టార్పాలిన్ ఉబ్బింది. టప్పుమని చప్పుడయింది. నాలుగో తాడు మేకు నుంచి జారి గాల్లోకి లేచింది. పందిరి ఒక పక్కకి ఒరిగి, గిన్నె మీద, స్టవ్ మీద, ఇలియెస్ మీద కూలిపోయింది.

దొర్సాఫ్ చేతిలోని క్యాన్ కింద పడింది.

ఈల మోగింది. "ఎవరూ దగ్గరికి రావద్దు! ఉన్నచోటే నిలబడండి!" లల్లా నాజిహా గొంతు. ఆవిడ పరుగెత్తి ముందు గ్యాస్ సిలిండర్ కట్టేసింది. "సీ లమీన్, ఆ కొస ఎత్తండి!" ఇద్దరూ టార్పాలిన్ పైకెత్తారు. ఇలియెస్ ఏడుస్తూ బయటికి వచ్చాడు. సూపు చింది అతని కుడి పాదం ఎర్రబడింది. ఆవిడ అతన్ని కూర్చోబెట్టి, మేజోడు మెల్లగా తీసి, పాదం మీద చల్లటి నీళ్లు పోస్తూనే ఉంది. పోస్తూనే చుట్టూ చూసి తలలు లెక్కపెట్టింది. ఇంకోసారి లెక్కపెట్టింది.

ఈసారి దొర్సాఫ్‌కు గొర్రెలు గుర్తురాలేదు. ఆ లెక్కలో తనూ ఉన్నందుకు ఏడుపొచ్చింది.

ఇలియెస్ కుదుటపడ్డాక లల్లా నాజిహా నాలుగో మేకు దగ్గరికి వెళ్లింది. కింద పడ్డ తాడు కొస తీసి చూసింది. తలెత్తి కొంగల దళం వైపు చూసింది. ఆవిడ చూపు దొర్సాఫ్ మీద ఆగింది.

తాడు చుట్టి పక్కన పెట్టింది.

'తెలిసిపోయింది,' అనుకుంది దొర్సాఫ్. 'ఇప్పుడు ఊరుకుంది. సీ ముఖ్తార్ వచ్చాక అందరి ముందూ నన్ను నిలబెట్టి అడుగుతుంది.' తాను వేసిన పథకమే అది. ఆవిడా అదే చేస్తుందని ఆమెకు గట్టి నమ్మకం.

కాసేపటికి కార్లు వచ్చాయి. ఇలియెస్ వాళ్ల అమ్మ కొడుకు కాలు చూసి కెవ్వుమంది.

"ఏమైందిరా నాన్నా? ఎవరు వేశారు ఆ పందిరి? ఎవరు కట్టారు ఆ తాడు?"

దొర్సాఫ్ ఒక అడుగు వెనక్కి వేసింది.

"తాడు ఎవరు కట్టినా చూసుకోవాల్సింది నేను," అంది లల్లా నాజిహా. "పట్టి చూశాను కూడా. తప్పు కనిపెట్టలేకపోయాను. బాధ్యత నాది."

"మరి నీకు చేతగానప్పుడు పిల్లల్ని అడవికి ఎందుకు తీసుకొచ్చావమ్మా? కళ్లజోళ్లు అమ్ముకోక!"

వెనక నిలబడ్డ తల్లిదండ్రులు గుసగుసలాడారు. "నిజమే, ఆవిడ ఎప్పుడైనా స్కౌట్‌గా ఉందా?" అన్నాడొకాయన. "మా వాణ్ణి కూడా తీసుకెళ్లిపోతాం," అంది ఇంకొకావిడ.

సీ ముఖ్తార్ నడుం పట్టుకుని ముందుకొచ్చాడు. "ఆమెను అనకండి. నేనే బతిమాలి తెచ్చాను. ముడులు రావు, గుడారం వేయడం రాదు అని మొదటిరోజే నాకు చెప్పింది. ఊళ్లో అందరినీ అడిగాను. ఒక్కరూ ముందుకు రాలేదు. ఈవిడ కూడా కాదంటే బృందం మూసేసుకోవడమే."

"నాకు రాదని పిల్లలకూ చెప్పాల్సింది," అంది లల్లా నాజిహా మెల్లగా. "సిగ్గేసి చెప్పలేదు."

దొర్సాఫ్ తల దించుకుంది. తన అనుమానం నిజమైంది. ఆవిడకు ముడి రాదు. సీ ముఖ్తార్ ఎదుట, అందరి ఎదుట ఆ సంగతి బయటపడింది. అచ్చం తను కోరుకున్నట్టే. మరి సంతోషంగా లేదేమిటి?

తన పేరు ఇంకా ఎవరూ ఎత్తలేదు. ఎత్తబోవడం కూడా లేదని ఆమెకు అప్పుడు అర్థమయింది. మొల్కా పక్కనే ఉంది. పెదవి కొరుక్కుంటోంది.

"ఆ ముడి నేను వేశాను," అంది దొర్సాఫ్.

ఎవరికీ సరిగా వినపడలేదు. మళ్లీ చెప్పింది. "నేనే వేశాను. రాక కాదు, కావాలనే జారుముడి వేశాను. లల్లా కనిపెడతారో లేదో చూద్దామని. గట్టిగా ఉందా అని నన్ను అడిగారు కూడా. ఉందని అబద్ధం చెప్పాను."

తల్లిదండ్రులంతా ఆమె వైపు తిరిగారు.

"నా కొడుకు కాలు నీకు ఆటా?" అంది ఇలియెస్ వాళ్ల అమ్మ.

దొర్సాఫ్ ఇలియెస్ ఎదుటికి వెళ్లి మోకాళ్ల మీద కూర్చుంది. "నీకు దెబ్బ తగులుతుందని అనుకోలేదురా. అసలు నీ గురించే అనుకోలేదు. తప్పయింది."

ఇలియెస్ ముక్కు తుడుచుకున్నాడు. "చోర్బా మొత్తం పోయింది. నాకు ఆకలేస్తోంది."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. వాళ్ల అమ్మ మాత్రం నవ్వలేదు. అతన్ని ఊళ్లో దవాఖానాకు తీసుకెళ్తానని కారు ఎక్కించింది. "వచ్చే శనివారం పంపిస్తావా అమ్మా?" అని వాడడిగితే, "చూద్దాం," అని మాత్రం అంది.

మిగతా పెద్దవాళ్లు సీ ముఖ్తార్ చుట్టూ చేరి మాట్లాడుకుంటున్నారు. లల్లా నాజిహా దొర్సాఫ్‌ను కాస్త పక్కకి, అందరికీ కనపడేంత దూరంలోకి పిలిచింది.

"తాడు చూడగానే నాకు అనుమానం వచ్చింది. తర్వాత నిన్నొక్కదాన్నే అడుగుదామనుకున్నా."

"అందరి ముందూ అడుగుతారనుకున్నాను."

"అలా అడిగితే ఏమొస్తుంది?" ఆవిడ గొంతులో కోపం లేకపోలేదు. "నాకు నీ మీద చాలా కోపంగా ఉంది దొర్సాఫ్. రేపటికి తగ్గొచ్చు. పందిరి మాత్రం ఇంకా నేల మీదే ఉంది. పిల్లలు తినలేదు."

అప్పటికే సీ ముఖ్తార్ అలవాటు కొద్దీ తాడు కోసం వంగి "అబ్బా!" అన్నాడు. లల్లా నాజిహా ఆయన్ని తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టింది.

దొర్సాఫ్ ఆ తాడు అందుకుంది. తానే కట్టేస్తే పని క్షణంలో అయిపోతుంది. మేకు దాకా వెళ్లింది కూడా. ఆగి, వెనక్కి వచ్చింది.

"లల్లా, ఈ కొస మీరు పట్టుకోండి. నేను చెప్తాను."

ఆవిడ ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత బట్టలకు బురద అంటుతుందని కూడా చూడకుండా మేకు పక్కన చతికిలబడింది.

"ముందు ఇలా ఉచ్చు చేయాలి. కొసను కింది నుంచి పైకి... కాదు, అటు నుంచి కాదు. ఆ తాడు వెనకాల తిప్పండి. మళ్లీ కిందికి."

ముడి పడినట్టే పడి విడిపోయింది. పక్క దళం పిల్లలు కిసుక్కుమన్నారు. దొర్సాఫ్ గిర్రున తిరిగింది.

"నవ్వేందుకు ఏముందిరా ఇందులో? నాకిది రావడానికి వేసవి సెలవులన్నీ పట్టాయి. మీలో ఎంతమందికి వచ్చు? రండి, వచ్చినవాళ్లు వేయండి!"

ఒక్కరూ కదల్లేదు. కాసేపటికి ఇద్దరు ముగ్గురు తాడు ముక్కలు తెచ్చుకుని నెమ్మదిగా పక్కన కూర్చున్నారు. మొల్కా కూడా వచ్చి కూర్చుంది.

లల్లా నాజిహా మళ్లీ మొదలుపెట్టింది. ఉచ్చు చేసింది. కొసను కింది నుంచి పైకి తెచ్చింది. తాడు వెనకాల తిప్పాల్సిన చోట వేళ్లు తడబడ్డాయి.

దొర్సాఫ్ చేయి దానంతటదే ముందుకు వెళ్లింది. ఆమె దాన్ని వెనక్కి లాక్కుంది. రెండు చేతులూ వీపు వెనక కట్టుకుని, ఆవిడ వేళ్లు దారి కనుక్కునేదాకా కాచుకుని నిలబడింది.