ఇద్దరి స్కాన్

ఆస్పత్రి నేలమాళిగలోని స్కాన్ గదిలో ఇరవయ్యేళ్లుగా జనాన్ని పడుకోబెట్టిన టెక్నీషియన్, ఆ మధ్యాహ్నం తానే ఆ బల్ల మీద పడుకున్నాడు. మూడు నెలల క్రితం ఆయన ఊపిరితిత్తిలో మిరియపు గింజంత మచ్చ కనిపించింది. ఇలాంటివి చాలామందికి ఉంటాయి. ఎక్కువ భాగం ఏ హానీ చెయ్యవు. పెరిగిందా లేదా అన్నదే అసలు సంగతి. వచ్చినవాళ్లందరికీ ఈ మాట చెప్పి చెప్పి ఆయన నోరు అరిగిపోయింది.

అంతకుముందెప్పుడో భార్య ఊపిరితిత్తిలోనూ ఇలాంటి మచ్చే కనిపిస్తే ఆవిడకూ అదే చెప్పాడు. పాపం, ఆవిడా ఇక్కడే టెక్నీషియన్. ఆవిడకు మూడు నెలలకు మళ్లీ స్కాన్ తియ్యమన్నారు డాక్టర్లు. "ఈ వారం రద్దీగా ఉందే, వచ్చే వారం చూద్దాం" అంటూ ఆయనే ఏడాది దాటించాడు. ఆ తర్వాత తియ్యడానికి మనిషే మిగల్లేదు.

మెషీన్లో మాత్రం ఆవిడ గొంతు మిగిలింది. పడుకున్నవాళ్లకు చెప్పే ఆ రెండు ముక్కలూ ఆవిడే రికార్డు చేసింది.

"వదిన గొంతు ఆపేసి నేనే చెప్పనా అన్నయ్యా?" అద్దం అవతల్నుంచి తోటి టెక్నీషియన్ అడిగింది.

"ఉండనీవమ్మా. అది వినడానికే కదా రోజూ పనిలోకి వస్తున్నా!"

బల్ల లోపలికి జరిగింది. స్పిరిట్ వాసన. వీపుకు చల్లగా తగిలే రేకు.

"ఊపిరి పీల్చి బిగపట్టండి."

బిగపట్టాడు. మెషీన్ గిర్రున తిరిగింది.

"ఊపిరి వదలండి."

హమ్మయ్య, అయిపోయిందనుకున్నాడు. అంతలో చెవి పక్కనే... మెల్లగా...

"ఏవండీ... ఇప్పుడు నాది."

పక్కన ఎవరో ఊపిరి పీల్చుకున్నారు. మెషీన్ మళ్లీ తిరిగింది. ఆగింది. ఆ ఊపిరి వదిలే చప్పుడు కోసం చూశాడు... రాలేదు.

బయటికొచ్చి అడిగాడు, "రెండోసారి ఎందుకు తీశావమ్మా?"

"ఒక్కసారే తీశాను. పెరగలేదన్నయ్యా! అలాగే ఉంది!" సంతోషంతో ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి. మరుక్షణం తెర వైపు చూసి గొంతు తగ్గించింది. "మరి... ఇదెవరిది?"

ఆయన పేరు కింద భార్య పేరు. ఇవాళ్టి తేదీ. మచ్చ నిమ్మకాయంత అయ్యింది. బతికున్న మనిషి ఎంత బిగపట్టినా గుండె కొట్టుకుంటుంది, బొమ్మలో దాని అంచు కాస్త చెదురుతుంది. ఇందులో ఎక్కడా చెదరలేదు.

"తప్పంతా నాదేనే..." ఆయన కుర్చీలో కూలబడి భోరుమన్నాడు.

బొమ్మ అడుగున, మళ్లీ ఎప్పుడు రావాలో రాసే గడి నిండి ఉంది. మూడు నెలలకు. ఇద్దరూ కలిసి.