పన్నెండో డబ్బా

ఆ భవనంలో పనిచేసే ఎవరినైనా అడగండి. నేలమాళిగలో చివరి గది మాట ఎత్తగానే గొంతు తగ్గిస్తారు.

తుడిచే ఆవిడ ఆ గది గడప దాకా తుడిచి చీపురు వెనక్కి లాక్కుంటుంది. దీపాలు బాగుచేసే మనిషి ఎప్పుడు పిలిచినా ఇంకొకరిని తోడు తెచ్చుకుంటాడు. చీకటి పడ్డాక ఆ నడవాలో నడిస్తే లోపలినుంచి ఎవరో గొంతు సవరించుకున్నట్టు వినిపిస్తుందని... పాట మొదలుపెట్టబోయే ముందు సవరించుకుంటారే, అలా... కానీ పాట మాత్రం ఎన్నడూ మొదలవదని చెబుతారు.

ఇప్పుడది పాత పాటల టేపులు, విద్యార్థి ఉద్యమాల కరపత్రాలు, ఊరి జనం అటకల మీదినుంచి దించి ఇచ్చిన ఫొటోలు దాచే సంగ్రహాలయం. నలభై ఏళ్ళ కిందట అది కాలేజీ. ఆ చివరి గది కాలేజీవారి రికార్డింగు గది.

ఆ రోజుల్లో సమ్మె జరిగింది. సమ్మె చేసిన పిల్లలు ఆ గదిని పట్టుకుని, జనం నోట నానుతున్న సినిమా బాణీలకు తమ మాటలు కట్టి, మేడమీది లౌడుస్పీకర్లలో వినిపించేవారు. పాడేది ఒక అమ్మాయి. ఆమె గొంతు మూడు వీధుల అవతలికి వినపడేది గనక అందరూ ఆమెను కంచు అని పిలిచేవారు. ఆమె పాడుతుంటే కొలువులకు వెళ్ళేవాళ్ళు సైకిళ్ళు దిగి నిలబడేవారు.

సమ్మె చివరి రాత్రి ఆ గదిలో వైర్లు అంటుకున్నాయి. తెల్లవారి తలుపు దగ్గర ఆమె శవం దొరికింది. లోపలినుంచి తానే గడియ వేసుకుందని, కొవ్వొత్తి వెలిగించి నిద్రపోయిందని, తప్పంతా తనదేనని కాగితాల్లో రాశారు. అలా సాక్ష్యం చెప్పినవాడు సమ్మెకు నాయకుడు. ఒకే తరగతి మూడేళ్ళు చదివి అందరికన్నా పెద్దవాడైనందువల్ల అతన్ని పెద్దన్న అనేవారు.

ఆ పెద్దన్నే ఇప్పుడు సంగ్రహాలయానికి అధ్యక్షుడు. ఉద్యమ చరిత్ర పుస్తకం రాసిందీ ఆయనే. గోడమీది పలకలో ఆ ‘తప్పంతా తనదే’ అన్న ముక్క చెక్కించిందీ ఆయనే. కంచుకు ఒక చెల్లెలుంది. ఆమె ఏటా వచ్చి ఆ పలక ముందు నిలబడి, “ఇది తీసెయ్యండి. మా అమ్మ ఈ మాట మోసుకునే పోయింది” అని అడుగుతుంది. ఆయన ఏటా చేతులు జోడించి, “చరిత్రనెలా మారుస్తామమ్మా, ఆధారం ఉండాలి కదా?” అంటాడు.

ఆధారం ఒకరోజు అట్టపెట్టెలో వచ్చింది.

కంచు పాటల జట్టులో డ్రమ్ము వాయించినతను చనిపోతే, అతని భార్య పన్నెండు టేపు డబ్బాలు తెచ్చి ఇచ్చింది. పన్నెండోదాని మూతమీద ‘చివరి రాత్రి’ అని రాసి ఉంది. టేపులు చూసుకునే అమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

“తడికి జిగురు పాకింది సార్. వెచ్చబెట్టి ఒక్కసారి తిప్పగలం, అంతే. రెండోసారికి పొట్టు రాలిపోతుంది. అందుకే రేపు పదింటికి అందరి ముందే వినిపిద్దాం. కంచుగారి చెల్లెలికి కూడా కబురు పెట్టాను.”

“మంచి పని చేశావమ్మా,” అన్నాడు పెద్దన్న. కళ్ళు మాత్రం ఆ డబ్బాను వదల్లేదు.

ఎందుకంటే ఆ రాత్రి ఆ గదికి బయటినుంచి తాళం వేసింది ఆయనే.

ఒక్క రాత్రి ఆ పాటల జట్టును లోపలుంచు, సమ్మె కేసులో నీ పేరు లేకుండా చూస్తాం అన్నారు కాలేజీ పెద్దలు. లోపల ఉన్నది కంచు ఒక్కతే. పొగ లేచినప్పుడు ఆయన గేటు దగ్గరే ఉన్నాడు. తాళంచెవి జేబులో ఉంది. పరుగెత్తితే తాళం వేసిందెవరో తెలిసిపోతుంది... ఆ ఒక్క లెక్కతో కాళ్ళు కదలలేదు. అంతా అయ్యాక, తెల్లవారకముందే, తాళం తీసి బావిలో పడేశాడు.

ఆ రాత్రి టేపు మెషీను తిరుగుతూనే ఉందా? ఆమె తలుపు బాదడం, తన పేరు పెట్టి పిలవడం... ఎక్కి ఉంటుందా?

అదే రోజు రాత్రి తొమ్మిది దాటాక ఆయన సంగ్రహాలయానికి వచ్చాడు.

“రేపటి ప్రసంగం రాసుకోవాలయ్యా,” అన్నాడు కాపలాదారుతో.

“రాసుకోండి సార్. కింది గదికి మాత్రం నన్ను తోడు రమ్మనకండి. నా ధైర్యం మెట్ల దాకానే,” అని అతను నవ్వబోయి నవ్వలేకపోయాడు.

డబ్బా ఎత్తుకుపోతే దొంగ ఎవరో ఇట్టే తెలుస్తుంది. టేపు చెరిపేస్తే మాత్రం అడిగేవారుండరు. పాత టేపులు మూగబోవడం మామూలే. చెరిపే పద్ధతి ఆయనకు గుర్తుంది. మైకు తగిలించకుండా రికార్డు మీట నొక్కితే చాలు, పాత మాట మీద మౌనం పరుచుకుంటుంది.

టేపులూ మెషీనూ ఉన్న ఆ చివరి గదిలోకి దిగి చిన్నదీపం వేశాడు. పన్నెండో డబ్బా తెరిచాడు. టేపు కొసకు ఎర్రపట్టీ అతికించి ఉంది, చింపేశాడు. చుట్టను మెషీనుకు ఎక్కించి, నిజంగా ఏముందో తెలుసుకుందామని ముందు కాసేపు వినడానికి మీట నొక్కాడు.

సుయ్‌మని శబ్దం. ఏమీ లేదు. ఇంకా ఏమీ లేదు...

ఎవరో గొంతు సవరించుకున్నారు.

“పెద్దన్నా... వచ్చావా?”

మీట ఆపేశాడు. ఆ రాత్రి తాళం వేస్తున్నప్పుడు అడుగుల చప్పుడు విని ఆమె అన్న మాటే అయి ఉంటుంది అనుకున్నాడు. అంటే అనుమానం నిజమే. అన్నీ ఎక్కాయి.

మైకు తగిలించే రంధ్రంలో వేలు పెట్టి చూశాడు. ఖాళీ. రెండోసారి చూశాడు. ఖాళీయే. రికార్డు మీట నొక్కాడు. చక్రాలు కదిలాయి. ఇక స్పీకరులో చప్పుడు రాకూడదు.

“పొగొస్తోంది పెద్దన్నా.”

ఆయన వెనక్కి జరిగాడు.

“తాళం తియ్యి.”

“తీ... తీయలేను,” అన్నాడు, తనకే తెలియకుండా.

“ఎందుకని?”

“తాళంచెవి నా జేబులో ఉందని తెలిస్తే... నా బతుకేం కావాలే?”

చక్రాలు నెమ్మదిగా తిరుగుతున్నాయి. 

“మా అమ్మకేం చెప్పావు?”

“నువ్వే గడియ వేసుకున్నావని.”

“మా చెల్లికి?”

“అదే.”

“నిజానికి ఎవరు వేశారు?”

ఆయన నోరు గట్టిగా మూసుకున్నాడు. స్పీకరులోంచి చిన్న నవ్వు వచ్చింది. రిహార్సల్లో ఆయన తప్పు పాడినప్పుడల్లా నవ్వే నవ్వే అది.

“కాస్త దగ్గరకొచ్చి చెప్పు. గట్టిగా... అక్షరాలు మింగకు.”

కాళ్ళు వాటంతటవే మెషీను దగ్గరకు నడిచాయి. ఆయన వంగి, ఒక్కొక్క మాటా విడివిడిగా, చెప్పాడు.

“ఇంకోసారి,” అందామె.

ఇంకోసారి చెప్పాడు. ఎన్నిసార్లు చెప్పించిందో ఆయనకే లెక్క లేదు. చివరికి టేపు అయిపోయి, కొస టపటపా కొట్టుకునే చప్పుడుకు తెలివి వచ్చింది. చుట్టను డబ్బాలో పడేసి మెట్లెక్కాడు. ఎవరూ వినలేదు. మైకు లేదు. పాతదంతా చెరిగిపోయింది. భయంలో ఏదో కలవరించాను, అంతే. ఇంటికి చేరేలోగా ఆయన ఆ మాట నిజంగానే నమ్మేశాడు.

మర్నాడు పదింటికి ఆ గది నిండింది. చెల్లెలు ముందు వరుసలో, ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. టేపుల అమ్మాయి ఒక నులివెచ్చని పెట్టె తెరిచి, అందులోంచి చుట్ట తీసింది.

“అదేంటమ్మా, డబ్బాలోంచి కదా తీయాలి?” అన్నాడు పెద్దన్న.

“ఇదే అసలుది సార్. నిన్న మధ్యాహ్నమే ఇందులో వెచ్చబెట్టాను, కనీసం ఎనిమిది గంటలు ఉండాలి కదా. డబ్బా ఖాళీగా పెడితే వరుస తప్పుతుందని అందులో ఏమీ ఎక్కించని కొత్త చుట్ట ఉంచుతాం. మా అలవాటది.”

అసలు టేపు చెక్కుచెదరకుండా ఉంది!

మెషీను తిరిగింది. కంచు పాడింది. నలభై ఏళ్ళ తరవాత ఆ గొంతు గోడలు దాటుకుని వెళ్ళింది. నడుమ నవ్వులు, డ్రమ్ము మీద వేళ్ళ తడబాటు, టీ చల్లారిపోతోందని ఎవరిదో గోల. ఆనాటి సాయంత్రంతోనే టేపు నిండిపోయింది, మంటల వేళ దాకా రానేలేదు. తాళం లేదు, పొగ లేదు, ఆయన ప్రసక్తే లేదు.

చెల్లెలు కళ్ళు ఒత్తుకుంది. పెద్దన్న కూడా జేబురుమాలు తీశాడు. ఆయనవి నిజంగానే ఆనందబాష్పాలు. మాట్లాడడానికి లేచాడు.

“ఒక్క నిమిషం సార్,” అంది టేపుల అమ్మాయి. ఆమె చేతిలో పన్నెండో డబ్బా ఉంది. “ఈ కొత్త చుట్ట ఎర్రపట్టీ ఎవరో చింపారు. రాత్రి ఎవరో తిప్పినట్టుంది. ఏముందో చూసి మళ్ళీ పెట్టేస్తాను.”

“ఖాళీ టేపులో ఏముంటుందమ్మా... వదిలెయ్.”

ఆమె అప్పటికే మీట నొక్కింది.

సుయ్‌మని శబ్దం. తరవాత ఒక మగగొంతు. పక్కన కూర్చుని చెవిలో చెబుతున్నంత స్పష్టంగా, ఒక్క అక్షరమూ మింగకుండా.

“తాళం నేనే వేశాను. తాళంచెవి నా జేబులోనే ఉంది. పొగ చూశాను. తీయలేదు.”

కాసేపు మౌనం. మళ్ళీ అదే గొంతు, అవే మాటలు. మళ్ళీ మౌనం. మళ్ళీ.

పెద్దన్న కుర్చీని తోసేసి మెషీను మీదికి దూకాడు.

“అబద్ధం! ఇదెలా ఎక్కుతుంది? మైకే లేదు కదా... రాత్రి ఈ మెషీనుకు మైకే లేదు!”

“లేదని నీకెలా తెలుసు, పెద్దన్నా?”

గదంతా చెల్లెలి వైపు తిరిగింది. ఆమె రెండు చేతులతో నోరు మూసుకుని ఉంది. ఆమె చూపు స్పీకరు మీద ఉంది.

టేపు ఇంకా తిరుగుతూనే ఉంది.