పప్పుకు కవర్ వద్దండీ!

"కవర్ వద్దండీ. ఇందులో పోయండి."

ఉధ్నా అనే గుజరాతీ మిల్లుల పేటలో, స్వరాజ్యం కర్రీ పాయింట్ కౌంటర్ మీద స్టీలు క్యారేజీ ఠంగున పెట్టింది ఓ అమ్మాయి. స్వరాజ్యం కొడుకు పరమేశ్వర్ తలెత్తి చూశాడు. వానకు తడిసిన ముంగురులు, కోపంలోనూ నవ్వుతున్నట్టుండే కళ్లు. చేతిలో ఉన్నది పప్పో పులుసో అతనికి కాసేపు గుర్తు రాలేదు.

"మేడం, పప్పు ముందే కవర్లల్ల కట్టి పెట్టినం. ఇప్పుడు విప్పి పోస్తే కవర్ ఏడికి పోతది? చెత్తకే కదా!"

ఆ అమ్మాయి ముక్కు ఎర్రబడింది.

"అయితే రేపట్నుంచి నాకు కట్టకండి. విడిగా ఉంచండి."

"రేపు గూడ వస్తరా?" అనేసి నాలుక కరుచుకున్నాడు.

ఆమె పేరు శ్రీప్రియ. కాకినాడ నుంచి వచ్చి, దగ్గర్లోని ఆస్పత్రిలో ఫిజియోథెరపిస్టుగా కొత్తగా చేరింది. అన్నట్టే మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి వద్దనేది. ప్లాస్టిక్ స్పూన్ వద్దు, టిష్యూ వద్దు, బిల్లు కాగితం వద్దు.

"రేపు కూర గూడ వద్దంటరేమో మేడం!"

"కూర బాగుంటుంది కాబట్టి బతికిపోయారు."

ఆ ఒక్క మాటకి అతను సాయంత్రం దాకా ఈల వేస్తూనే ఉన్నాడు.

వారం తిరిగేసరికి కూరలు కవర్లలో కట్టడం మానేశాడు. 'డబ్బా తెస్తే అప్పడం ఫ్రీ' అని బోర్డు పెట్టాడు. మిల్లు పనివాళ్లు టిఫిన్ డబ్బాలు తెచ్చుకున్నారు గానీ, ఖాళీ చేతులతో వచ్చినవాళ్లు గొణుక్కుంటూ పక్క కొట్టుకి వెళ్లిపోయారు. స్వరాజ్యానికి ఒళ్లు మండింది.

"ఏంది రా ఇది? గిరాకీ అంత పోతుంది. ఎవరి కోసం గిట్ల జేస్తున్నవ్?"

"భూమి కోసమమ్మా."

"ఆ భూమి కాకినాడ నుంచి వచ్చిందా?"

పరమేశ్వర్ గరిటె కింద పడేశాడు.

ఒకరోజు శ్రీప్రియ రెండు క్యారేజీలు తెచ్చింది.

"ఇందులో కారం తక్కువున్న కూర వేయండి. ఆయనకి పడదు."

ఆయన! పరమేశ్వర్ గుండె జారిపోయింది. మాట్లాడకుండా నింపి ఇచ్చాడు. తర్వాత రెండు రోజులూ అంతే.

మూడో రోజు వాన కుండపోతగా పడుతోంది. శ్రీప్రియ కొట్టు చూరు కింద నిలబడింది.

"ఏమైందండీ? నాతో మాట్లాడరా?"

"ఏం లేదు మేడం. మీ ఆయన నసీబున్నోడు."

ఆమె ఒక్క క్షణం తెల్లబోయింది. తర్వాత కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది.

"ఆయనంటే మా ఇంటి ఓనర్ హస్ముఖ్ కాకా! డెబ్బై ఏళ్లు. మోకాళ్ల నొప్పులు. పార్సిల్ కవర్లు ఆయన చేత కూడా మాన్పిస్తున్నాను."

పరమేశ్వర్ కూడా నవ్వేశాడు. ఆ నవ్వులోనే ధైర్యం తెచ్చుకున్నాడు.

"మేడం... నేను కవర్లు బందు జేసింది భూమి కోసం గాదు. మొదట్ల మీ కోసమే. ఇప్పుడైతే భూమి కోసం గూడ. కానీ ముందు మీరే."

శ్రీప్రియ వాన వైపు తిరిగింది. చెవులు ఎర్రబడ్డాయి.

"మా ఆస్పత్రిలో క్యాంటీన్ ఉందండీ. స్టీలు కంచంలో వేడివేడిగా పెడతారు. కవరూ ఉండదు, డబ్బా మోత కూడా ఉండదు."

"మరి వానల ఇంత దూరం ఎందుకొస్తున్నరు?"

"అదే... మీకు ఎప్పుడు తెలుస్తుందా అని చూస్తున్నాను."

వెనక నుంచి స్వరాజ్యం చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"జర లోపటికి రా బిడ్డా, తడుస్తున్నవ్. మీ అమ్మ ఈ టైంల ఫోన్ ఎత్తుతదా?"

"ఎత్తుతుందండీ. ఎందుకు?"

"అండీ ఏంది? అత్తా అను. కలిపి నాకియ్యి."

శ్రీప్రియ రెండు చేతుల్లో ముఖం దాచుకుని నవ్వింది. ఆ తర్వాత నంబరు కలిపి, ఫోన్ స్వరాజ్యం చేతిలో పెట్టింది.