వంద మీటర్ల లోపు

వరదకి సెల్ టవర్ దగ్గర కరెంటు పోయి, కొల్లేటి లంకలో ఫోన్లన్నీ మూగబోయాయి. ఏలూరు నుంచి కబురు రాగానే తాడేపల్లిగూడెంలో ఇంజనీరుగా పనిచేసే కుసుమ తన డ్రోన్‌ని పడవలో వేసుకుని వచ్చింది. ఆ డ్రోనే ఒక చిన్న టవర్. కింద జనరేటర్ నుంచి సన్నటి తీగ కరెంటు అందిస్తుంటే, వంద మీటర్ల ఎత్తున కదలకుండా నిలబడి చుట్టుపక్కల ఫోన్లకి సిగ్నల్ ఇస్తుంది.

ఊళ్లో మునగకుండా మిగిలింది రోడ్డు గట్టు ఒక్కటే. సాయంత్రం డ్రోన్ పైకి లేవగానే టార్పాలిన్ల కింద ఒక్కో ఫోనూ మోగసాగింది. జనం ఏడుస్తూ, నవ్వుతూ అయినవాళ్లతో మాట్లాడుకుంటున్నారు. నాగదుర్గ మాత్రం నీళ్ల అంచునే నిలబడి ఉంది. చేపల చెరువు గట్టు తెగిందని పొద్దున చూడ్డానికి వెళ్లిన ఆమె భర్త అబ్బాయిరాజు తిరిగి రాలేదు. చర్చి పెద్ద రత్నం పడవేసుకుని వెతకడానికి వెళ్లాడు.

"మేడంగారండీ, ఆయన ఫోను కలిస్తే ఎక్కడున్నారో తెలుస్తుందాండీ?"

"డ్రోన్‌కి ఎంత దూరంలో ఉన్నారో తెలుస్తుందండీ." కుసుమ ట్యాబ్ చూపించింది. "మనం సరిగ్గా దాని కింద ఉన్నాం కదా, మన ఫోన్లకి వంద చూపిస్తోంది. నేల మీద ఎవరికైనా అంతకంటే తగ్గదు."

చీకటి పడింది. సన్నగా జల్లు మొదలైంది. కుళ్లిన చేపల వాసన, తడిసిన గుర్రపుడెక్క వాసన కలిసి గొంతులో పట్టేస్తున్నాయి. జనరేటర్ మోత మధ్య పైనుంచి డ్రోన్ రొద సన్నగా వినిపిస్తోంది.

ట్యాబ్‌లో కొత్త ఫోను కనపడింది. తొమ్మిది వందలు. అదే సమయానికి నాగదుర్గ చేతిలో ఫోను మోగింది. ఆమె స్పీకర్ నొక్కింది.

"దుర్గా..."

"ఏవండీ! ఎక్కడున్నారండీ?"

"వస్తున్నా." వెనక నీళ్ల చప్పుడు. "ఎర్ర దీపం కనపడుతోంది. దాని దగ్గరికే వస్తున్నా."

ఎర్ర దీపం డ్రోన్‌ది. కుసుమకి ప్రాణం లేచొచ్చింది. ఆరు వందలు... మూడు వందలు... టార్చి వేసి నీళ్లన్నీ వెతికింది. పడవ లేదు. ఈదే మనిషీ లేడు. నీళ్లు కదలడం లేదు.

నూట ఇరవై. వంద.

అంటే పక్కనే ఉండాలి. కుసుమ చుట్టూ టార్చి తిప్పింది. ఎవరూ లేరు.

తొంభై.

మిషన్ తప్పు చూపిస్తోందనుకుంది. ఎనభై... తీగ కిర్రుమంది. ఏదో బరువు వేలాడినట్టు బిగుసుకుంది. ఆమె టార్చి పైకెత్తింది. సగం దూరం వెళ్లేసరికి వెలుగుని జల్లు మింగేసింది.

"ఎవరండీ అక్కడ?" గుసగుసగా అంది నాగదుర్గ.

కుసుమ ఫోను మోగింది. రత్నం.

"దొరికాడమ్మా! తూము దగ్గర చెట్టుకొమ్మ పట్టుకుని ఉన్నాడు. ఫోను నీళ్లలో పోయిందట. మా పడవలోనే ఉన్నాడు. వచ్చేస్తున్నాం. దుర్గమ్మకి చెప్పమ్మా!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాగదుర్గ ఫోనులో ఆ గొంతు ఇంకా ఊపిరి తీస్తూనే ఉంది.

"దుర్గా... ఆ పడవని గట్టుకి రానివ్వకు... అందులో ఉన్నది నేను కాదు."

కుసుమ ఆ ఫోను లాక్కుని కట్ చేసింది. జనరేటర్ మీదికి వెళ్లిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆపితే డ్రోన్ కిందికి దిగుతుంది. దానితో పాటు...

పడవ గట్టుకి తగిలింది. అబ్బాయిరాజు దిగాడు. ఒళ్లంతా బురద, పళ్లు టకటకలాడుతున్నాయి. నాగదుర్గ అడుగు వెనక్కి వేసింది. మళ్లీ ముందుకొచ్చి భయంభయంగా అతని చెంప తాకింది. ఒక్కసారిగా భోరున ఏడ్చేసింది.

"వెచ్చగా ఉన్నారండీ. ఆయనేనండీ! మా ఆయనేనండీ!"

రత్నం ప్రభువుకి స్తోత్రం చెప్పాడు. ఎవరో దుప్పటి తెచ్చారు. కుసుమ గట్టిగా ఊపిరి పీల్చుకుని ట్యాబ్ చూసింది.

ఆ ఫోను ఇంకా పోలేదు. ఇరవై దగ్గర ఉంది.

చూస్తుండగానే ముప్ఫై అయింది. యాభై. డెబ్భై... తీగ కిర్రు కిర్రుమంటోంది. పైకెక్కింది మళ్లీ తీగ మీదుగా కిందికి దిగుతోంది.

"అందరూ దూరంగా రండి," అంటూ కుసుమ వెనక్కి జరిగింది.

అబ్బాయిరాజు భార్య చెయ్యి మెల్లగా విడిపించుకున్నాడు. దుప్పటి జారిపోయినా చూసుకోకుండా నేరుగా తీగ దగ్గరికి నడిచాడు. దాని కింద నిలబడి, పడవలోంచి ఎవరినో దింపుకునేవాడిలా రెండు చేతులూ పైకి చాచాడు.

"మెల్లగా," అన్నాడు చీకట్లోకి చూస్తూ. "తీగ తడిగా ఉంది."