కుల్ఫీ కుండలో సముద్రం

"అమూల్యా, గొట్టం పాట ఆగింది."

గ్యాస్ లైను దగ్గర కాపలా ఉన్న తోటి ఏజెంట్ హరీష్ ఫోనులో అన్న ఆఖరి మాట అదే. ఆ వెంటనే పేలుడు.

రెండేళ్లు గడిచినా ఏజెంట్ అమూల్య చెవి ఇంకా ఆ ఫోను దగ్గరే ఉంది. కరెంటు పోయి ఫ్యాన్ ఆగితే చాలు, ఉలిక్కిపడి లేస్తుంది. పెళ్లయి నెల కాలేదు. భర్త మధు గురక మీద అందరూ జాలిపడుతుంటే ఆమె మాత్రం హాయిగా నిద్రపోయేది. పక్కన ఏదో ఒకటి మోగుతోంది కదా!

ఇప్పుడా గురక కూడా లేదు. మధు బంగాళాఖాతంలో, గ్యాస్ ప్లాట్‌ఫారం మీద డ్యూటీలో ఉన్నాడు.

2009 మార్చి. వనపర్తి బస్టాండు ఎదుట జిరాక్స్ షాపు, దాని వెనక చిన్న గది. చీఫ్ దశరథం గొంతు తగ్గించాడు.

"సముద్రం అడుగున గ్యాస్ లైన్. పైన నీళ్ల బరువు, చుట్టూ చలి. గ్యాస్‌లో తడి ఉంటే రెండూ కలిసి గడ్డకడతాయి. చూస్తే మంచుగడ్డే. నిప్పు పెడితే మండుతుంది."

"హైడ్రేట్. తెలుసు సార్."

తెలియకేం? ఆ గడ్డ లైనుకు అడ్డం పడుతుంది. వెనక ప్రెషర్ పెరిగి పెరిగి ఒక్కసారిగా తూటాలా దూసుకొస్తుంది. హరీష్ దానికి ఎదురుగా నిలబడ్డాడు.

"అది కట్టకుండా లైనులోకి గ్లైకాల్ పంపుతారు. ఓ విదేశీ ముఠా దాన్ని దారిలో మార్చేసిందని అనుమానం. వాళ్ల మెసేజ్ ఒకటి దొరికింది. 'తీపి కొత్తకోటలో దిగింది.' గ్లైకాల్ తియ్యగా ఉంటదమ్మా. విషం గూడ. ట్యాంకర్ కొత్తకోట గోడౌన్‌లో ఆగింది నిజం. ఇప్పుడా సరుకు ప్లాట్‌ఫారం మీద ఉంది. సాయంత్రం వాల్వు తెరుస్తరు."

"ఆపించండి సార్."

"క్వాలిటీ సర్టిఫికెట్ ఉందట. రుజువు లేనిదే ఆపరట."

"వాల్వు తిప్పేది ఎవరు?" సమాధానం తెలిసే అడిగింది.

"మీ ఆయనే."

అంతలో ఆమె సెల్ మోగింది. మధు మెసేజ్. 'పెళ్లి కట్నాల డబ్బుతో ఫ్రిజ్. ఎర్రదా, నీలందా?'

భయంలోనూ నవ్వొచ్చింది. "స్టాప్ కోడ్ నేనే పెడతా సార్. 'ఫ్రిజ్ వద్దు.' ఆ మాట వినబడితే వాల్వు ఆపాలని మధుకు ఇప్పుడే చెప్పండి. చచ్చినా మర్చిపోడు."

దశరథం ఒక అగ్గిపెట్టె అందించాడు. లోపల బంగారు పుస్తె. "మైకు. నీ తాడుకు గుచ్చుకో. నేను జీపులో వింటుంట. ప్లాట్‌ఫారానికి లైన్ కలిపే ఉంచుత."

"పుట్టింటిదొకటి, అత్తింటిదొకటి, సర్కారుది మూడోదా? నాగర్‌కర్నూల్లో మా అమ్మ చూస్తే గుండె ఆగుతుంది సార్!"

కొత్తకోటలో పశువుల దవాఖాన ఉద్యోగి వేషంలో దిగింది. దాబా ముందు కంపెనీ క్వాలిటీ ఆఫీసర్ శ్రుతి ఎదురుచూస్తోంది. ట్యాంకర్ వెంట వచ్చిన మనిషి, అమూల్యకు సాయంగా నియమించిన మనిషి. నల్ల కళ్లద్దాలు, గద్వాల చీర, చేతిలో ప్లాట్‌ఫారానికి నేరుగా కలిసే శాటిలైట్ ఫోను. లారీ డ్రైవర్లు టీ తాగడం మరిచి చూస్తున్నారు.

"కృష్ణలో నీళ్లెట్లున్నాయి?" అంది అమూల్య.

"బీచుపల్లి దాకా బాగున్నాయి." కోడ్ సరిపోయింది. శ్రుతి సీలు వేసిన సీసా తీసింది. "ట్యాంకర్ శాంపిల్. ఎంత చిక్కగా ఉందో చూడండి. డౌటుంటే హైదరాబాద్ ల్యాబుకు పంపుకోండి."

రిపోర్టు వచ్చేసరికి వాల్వు తెరుచుకుంటుంది. ఆ సంగతి శ్రుతికీ తెలుసు.

గోడౌన్ వెనక పల్లికాయ పీకేసిన చేను. అందులో గొర్రెల మంద. మధ్యలో గొంగడి కప్పుకున్న ముసలాయన ఈల వేసి ఆగాడు. మళ్లీ వేశాడు. ఏదీ పరుగెత్తి రాలేదు. అంత పెద్ద మంద చుట్టూ ఒక్క కుక్క అరుపు లేదు. అమూల్య అటు నడిచింది.

"కుక్కలేవి పెద్దయ్యా?"

"సచ్చినయ్ బిడ్డా. రెండూ." ఆయన పేరు కురుమూర్తి. "అలవాటైన నోరు, ఈల ఆగుతలేదు. అగో, ఆ కాల్వల జిగట నీళ్లు నాకినయ్. తాగినోని లెక్క తూలి తూలి పడ్డయ్. జీవాలను అటు పోనిస్తలేను."

"ఇక్కడ మంద పెట్టి ఎన్నాళ్లు?"

"పల్లికాయ పీకంగనే పెట్టినం. ఎరువు గావాలె గద పటేలుకు!"

అమూల్యకు అంతా అర్థమైంది. పంట తీసిన చేనుకు ఎవరొస్తారులే అని అసలు గ్లైకాల్‌ను కాలువలోకి వదిలేశారు. ఈ సీమలో పంట తీశాకే చేనులోకి మంద దిగుతుందని వాళ్లకు తెలియదు.

కాలువలోని జిగటను సీసాలోకి పట్టుకుని రోడ్డు మీదికి నడిచింది. "నా కుక్కలెట్ల సచ్చినయో నేను గూడ జూడాలె," అంటూ కురుమూర్తీ వెంట వచ్చాడు. శ్రుతి కళ్లద్దాలు సవరించుకుంది.

బస్టాండు దగ్గర తాజ్‌బీ కుల్ఫీ బండి. ఎర్రగుడ్డ చుట్టిన కుండ, అందులో ఐసు, రాళ్లుప్పు.

"పెద్దమ్మా, రెండు ఖాళీ గొట్టాలియ్యి. మళ్లీ వాడకు, పారెయ్యాల్సిందే. ముందు నాకో కుల్ఫీ."

"తిను బేటీ." తాజ్‌బీ కళ్లు ఆమె మెడ మీద ఆగాయి. "అయ్యో, మూడు పుస్తెలేంది?"

"మా ఆయనకు ప్రేమెక్కువ."

ఒక గొట్టంలో కాలువ జిగట, రెండోదాంట్లో శ్రుతి శాంపిల్ పోసి కుండలో దించింది. అసలు గ్లైకాల్ ఉప్పు కలిపిన ఐసులో కూడా గడ్డకట్టదు. పిస్తా తగిలినప్పుడల్లా కళ్లు మూసుకుంటూ కుల్ఫీ తింది. పుల్ల మిగిలాక గొట్టాలు పైకి తీసి వంచింది.

కాలువ జిగట ధారగా కారింది. శాంపిల్ కదల్లేదు. తెల్లగా, రాయిలా బిగుసుకుపోయింది.

"జిగురు కలిపిన నీళ్లు," అంది అమూల్య. మెడలో పుస్తె చల్లగా తగిలింది. హరీష్ పక్కనే ఊపిరి బిగబట్టి నిలబడ్డట్టనిపించింది.

శ్రుతి శాటిలైట్ ఫోనును నేలకేసి కొట్టింది. బ్యాగులోంచి చిన్న పిస్తోలు బయటికి వచ్చింది. "తెలివైనదానివే. కానీ ఇప్పుడు ఎవరికి చెప్తావు? మీ ఆయన చెయ్యి వాల్వు మీదే ఉంటుంది."

అమూల్య తల వంచి, నెమ్మదిగా అంది. "మధూ, ఫ్రిజ్ వద్దు."

శ్రుతికి అర్థమయ్యేలోపు కురుమూర్తి గొంగడి ఆమె తల మీద పడింది. పేలిన గుండు కుల్ఫీ కుండను పగలగొట్టింది. జీపు దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగింది.

"ఆగింది!" దశరథం చెవి దగ్గర ఫోనుతోనే దూకాడు. "చక్రం కదలబోతుంటే ఆపిండు!"

బేడీలు పడుతుంటే శ్రుతి పళ్లు కొరికింది. "మైకు ఎక్కడ?"

"మెడలనే ఉండె గద!" తాజ్‌బీ పగిలిన కుండ పెంకులేరుతూ అంది. "ఆడిదానివై పుస్తెలు జూడలే?"

సరైన గ్లైకాల్ చేరాక లైను తెరిచారు. మధు ఫోనును గొట్టానికి ఆనించాడు. సన్నగా, దూరంగా, తేనెటీగల తుట్టెలా ఒక జుమ్మనే పాట. అమూల్య ఫోనును చెవికి అదుముకుంది. ఆ పాట వెనక హరీష్ కూడా వింటున్నట్టుంది. ఈసారి ఆమెకు భయమేయలేదు.

"అమ్మూ," మధు అడిగాడు, "ఇప్పుడైనా ఫ్రిజ్ కొనుక్కోవచ్చా?"

"ఎర్రది కొను. ఐస్ ట్రే మాత్రం షాపులోనే వదిలేసి రా."