గిడసబారిన దుబ్బులు

పాలు పితకడం అయ్యాక కోడలు కొడవలి పట్టుకుని గడ్డి మడి దగ్గర నిలబడింది. నిలువెత్తు పెరగాల్సిన నేపియర్ గడ్డి మోకాలి దగ్గరే ఆగిపోయింది. ఆకులు పసుపు తిరిగాయి. కోసిన ప్రతిసారీ దుబ్బు ఇంకాస్త బక్కచిక్కుతోంది. మడంతా కోసినా రెండు ఆవులకు ఒక పూటకు చాలదు. మిగతాది కాలువ గట్ల వెంట తిరిగి కోసుకురావాలి, రోజూ రెండు పూటలా. రెండేళ్లుగా ఇదే పని. మంచాన పడ్డ తల్లిని చూసి రావడానికి ఒక్క రోజు తీరిక దొరకలేదు. పాకలో కట్టేసింది ఆవుల్ని కాదు, తననే అనిపిస్తుంది ఒక్కోసారి.

"నీ చేతికొచ్చాకే ఆ మడి పాడైంది," అన్నాడు మామగారు వాకిట్లోంచి. పొద్దున్నే ఈ మాట అనందే ఆయనకు కాఫీ గొంతు దిగదు.

కోడలు వంగి కోత మొదలుపెట్టింది. అంతలో ఆడపడుచు ఆటో దిగి, చేతిలోని పసుపు తిరిగిన గడ్డి కట్టను తండ్రి కాళ్ల దగ్గర పడేసింది.

"నాన్నా, పోయినేడు నువ్వు పంపిన గడ్డి కాడల ముక్కలు నాటితే మా మడీ ఇలాగే తగలడింది. పశువుల డాక్టరుకు చూపించాను. తెగులట. ముక్కలోనే ఉండి, నాటిన చోటికల్లా వస్తుందట. దుబ్బులు తవ్వి కాల్చేసి, మంచి మడి నుంచి ముక్కలు తెచ్చుకోమన్నాడు."

"నా మడికి తెగులేంటి? ఏరి ఏరి నాటించాను!"

"ఏవి ఏరారు మామయ్యా?" కోడలి గొంతు మొదటిసారి లేచింది. "పొడుగువి ఆవులకెయ్యమన్నారు. గిడసవి ఎలాగూ మేతకు రావని, ముక్కలు కొట్టి నాటమన్నారు. ఏటా అవే నాటాం. వద్దంటే, నిన్నగాక మొన్నొచ్చి నాకు చెప్తావా అన్నారు. నింద మాత్రం నా చేతికి! రెండేళ్లయింది మా అమ్మ మొహం చూసి!"

మామగారు గడ్డపార తీసుకుని మడిలోకి దిగాడు. మూలనున్న దుబ్బు ఆయన భార్య పోయేముందు నాటింది. అదీ పసుపు తిరిగింది. కాసేపు దాని ముందే కూర్చుని, తర్వాత దాన్నే మొదట తవ్వాడు. కూతురూ కోడలూ మోసుకెళ్లి మంటలో వేస్తుంటే మధ్యాహ్నానికి మడి ఖాళీ అయింది.

"పొదుపు అనుకున్నానమ్మా," అన్నాడు మంట కేసి చూస్తూ. "పాడుచేసిన చెయ్యి నాదే."

సాయంత్రం అలవాటు కొద్దీ కోడలు పాకలో కొడవలి కోసం వెతికింది. మేకుకు లేదు. మామగారు దాన్ని పట్టుకుని, భుజాన తాడుతో గేటు దగ్గరున్నాడు.

"గట్ల మీది గడ్డి నేను తెస్తా. నువ్వు బట్టలు సర్దుకో. మీ అమ్మ దగ్గర పదిరోజులుండి రా."

"మీకు నడుం నొప్పి కదా, మామయ్యా..."

"ఉండనీ. రెండేళ్లు నీకూ ఉండే ఉంటుంది. నేను అడిగానా?"

కోడలు పాక గుంజ పట్టుకుని, ఆయన మలుపు తిరిగేదాకా ఏడుస్తూనే నిలబడింది.