ఎనిమిది లేని సంఖ్య

"మీ బండి జర అవతల పెట్టుకోండ్రి. మా బాపు చూస్తే లొల్లి అయితది."

యాకుత్‌పురాలో వానకు ఆగి ఒక ఇంటి చూరు కింద నిలబడ్డ శ్రీపాదతో ఆ ఇంటి అమ్మాయి అభిజ్ఞ అన్న మొదటి మాట అది. బండికేమైందని అడిగాడు. నంబరులోని అంకెలు కూడితే ఎనిమిది వస్తుందట. ఎనిమిది శని అంకె అని ఆమె తండ్రి విఠల్‌రావు నమ్మకం.

"వాన తగ్గేదాక మీరుండొచ్చు. బండే పోవాలె."

"బండి తడిస్తే నేనూ తడుస్త. మాది ఒక్కటే ప్రాణం."

అభిజ్ఞ నవ్వు ఆపుకుంది. ఆ నవ్వు కోసం శ్రీపాద ఆ వానాకాలమంతా అదే గల్లీలో తడిశాడు.

అతను ట్యూషన్లలో లెక్కలు చెబుతాడు. అమ్మాయికి పూలకు బదులు అంకెలు తెచ్చే రకం. ఒకరోజు నయాపూల్ దగ్గర చాయ్ తాగుతూ ఫోన్లో 12345679 కొట్టి చూపించాడు.

"ఎనిమిది మర్చిపోయిన్రు."

"మర్చిపోలే. తొమ్మిదితోటి గుణించు."

గుణించింది. నారు నాటినట్టు వరుసగా తొమ్మిది ఒకట్లు. పద్దెనిమిదితో గుణిస్తే అన్నీ రెండ్లు, ఇరవై ఏడుతో అన్నీ మూడ్లు. ఇంత అందం ఇన్నాళ్లూ ఎక్కడ దాక్కుందా అని ఆమె ఆ సంఖ్యను చూస్తుంటే, చాయ్ చల్లారిపోయింది. అతను ఆమెను చూస్తూ ఉండిపోయాడు. పెళ్లి మాట ఆ రోజే అనుకున్నారు.

విఠల్‌రావు ముందు కూర్చున్ననాడు అంతా బాగానే నడిచింది, పుట్టిన తేదీ అడిగేదాకా. ఎనిమిది. పెద్దాయన చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు. చదువు, గుణం నచ్చాయనీ, ఈ అంకెకు మాత్రం పిల్లనివ్వలేననీ చెప్పేశాడు.

శ్రీపాద దగ్గర ఇంకేముంది? ఆ సంఖ్యనే ఫోన్లో చూపించాడు. విఠల్‌రావు కళ్లద్దాలు సర్దుకుని తానే గుణించాడు. ఒకట్లు, రెండ్లు, మూడ్లు. ముఖం వెలిగిపోయింది. ఇంత ముచ్చటైన సంఖ్యను జన్మలో చూడలేదని ఒప్పుకున్నాడు.

"చూసినవా బాబూ, ఎనిమిదిని తీసేస్తేనే గదా దీనికి గింత అందం."

శ్రీపాద లేవబోయాడు. తన లెక్కే తనను గుమ్మం బయటికి నెడుతోంది. అప్పుడు అభిజ్ఞ వచ్చి తండ్రి పక్కన కూర్చుంది.

"బాపూ, ఒక్కసారి ఎనిమిదితోటి గుణించు."

ఆయన వేలు ఆ అంకె మీదికి వెళ్లనని మొరాయించింది. కూతురి ముఖం చూసి నొక్కాడు. 98765432. వరుస మొత్తం వెనక్కి తిరిగి నిలబడింది. తొమ్మిదికీ ఏడుకీ నడుమ ఎనిమిది దర్జాగా కూర్చుంది.

విఠల్‌రావు వేలు పెట్టి అంకెలు ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాడు. "మరి ఒకటి ఏది? ఒకటి పోయింది."

"ఎనిమిది తోడొచ్చినంక ఇంక ఒంటిగ ఎందుకుంటది బాపూ?"

ఆయన నవ్వలేదు. భార్య కోమలవల్లిని పిలిచి అబ్బాయికి ఇంకో చాయ్ పెట్టమన్నాడు. తర్వాత శ్రీపాద వైపు తిరిగాడు.

"ఆదివారం పొద్దున మీవాళ్లను తోల్కొని రా. ఎనిమిదింటికి మాత్రం వద్దు, తొమ్మిదింటికి రాండ్రి. అంతా ఒక్కసారే అంటే నాతోని కాదు."